గిటార్ మొన దగ్గర రాలిన నల్ల ముక్కే మీ కేసు

ప్రశ్న: మాది విజయవాడ. మా నాన్నగారు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులోంచి నా కోసం బెంగళూరులో ఒక తయారీదారు చేత గిటార్ చేయించారు. ధర 1,38,000 రూపాయలు. కట్‌అవే (మెడ పక్కన గిటార్ ఒంటిని లోపలికి కోసిన వంపు) మొన తేలి ఉండాలని, చుట్టూ రోజ్‌వుడ్ బైండింగ్ (అంచు వెంట అతికించే సన్నని బద్ద), దాని పక్కన నలుపు తెలుపు గీతలు కావాలని అడిగి మరీ పెట్టించుకున్నాం. 2024 మార్చి 9న ఇంటికి వచ్చింది. జూన్‌లో మొన దగ్గర బైండింగ్ విచ్చుకుని చిన్న నల్ల ముక్క రాలింది. నాన్నగారు పోయాక ఆ గిటార్ చేతిలోకి తీసుకోవాలంటేనే ఏడుపు వస్తోంది. తయారీదారేమో ‘చేత్తో చేసిన వస్తువుకు ఇవి మామూలే, మీ ఊరి ఎండకు చెక్క కదిలింది, అయినా అది అలంకారమే కదా, పంపితే చూస్తా’ అంటున్నాడు. ఇక్కడ తెలిసిన వడ్రంగి నాలుగు వేలకు గమ్ము పెట్టి, పాలిష్ కొట్టి సరిచేస్తానన్నాడు. ముందు బాగు చేయించుకుని ఆ బిల్లుతో కేసు వేయొచ్చా? చీటింగ్ కేసు కూడా పెట్టొచ్చా?

జవాబు: మీ ఉత్తరం ఆరు పేజీలు. నాలుగు పేజీలు నాన్నగారి గురించి, ఒకటిన్నర పేజీ ఆ తయారీదారు మాట తీరు గురించి. కేసుకు పనికొచ్చే వాక్యం ఐదో పేజీ అడుగున ఉంది: ‘రాలిన ముక్కను కవర్లో వేసి గిటార్ పెట్టెలోనే ఉంచాను.’ ఆ ముక్క ఇంకా ఉందా? ఉంటే మీకు కేసు ఉంది. లేకపోతే మీకూ ఆయనకూ మధ్య మాట మీద మాటే మిగులుతుంది.

ఎందుకో చెబుతాను. ఇందులో తేలాల్సింది ఒక్కటే. లోపం ఆయన బల్ల మీద పుట్టిందా, మీ ఇంట్లో పుట్టిందా? ఆయన అంటున్న ‘ఎండకు చెక్క కదిలింది’ అనే మాటకు అర్థం రెండోది. దాన్ని కొట్టేయాలంటే ఆ పని ఎలా చేస్తారో కొంచెం తెలియాలి. నాకూ తెలియదు. వాయిద్యాలు బాగుచేసే ఒకాయన దగ్గర గంటసేపు కూర్చుని తెలుసుకున్నాను.

గుండ్రంగా తిరిగే కట్‌అవే అయితే ఒకే బద్దను వంచుకుంటూ పోవచ్చు. మీరు అడిగిన మొన తేలినదాన్ని ఫ్లోరెంటైన్ అంటారు. అక్కడ బయటి వైపు నుంచి ఒక బద్ద, లోపలి వంపు నుంచి ఇంకో బద్ద వచ్చి సూది మొనలా కలవాలి. రెండింటి చివర్లూ సరిగ్గా వాలుగా కోసి, కాగితం కూడా దూరనంతగా కలపాలి. పక్కనున్న నలుపు తెలుపు గీతలు కూడా అదే మొనలో కలవాలి. లోపలి వంపు బిగువుగా ఉంటుంది కాబట్టి బద్దను తడిపి, వేడి గొట్టం మీద ముందే ఆ ఆకారానికి వంచాలి. సగం వంచి, మిగతాది టేపుతో లాగి అతికించేస్తే బద్ద ఎప్పుడూ వెనక్కి విచ్చుకోవాలనే చూస్తుంది. కోత వెంట్రుక వాసి పొట్టిగా పడినా మొనలో సందు మిగులుతుంది. ఓపిక ఉన్నవాడు బద్ద తీసి కొత్తది వేస్తాడు. లేనివాడు రోజ్‌వుడ్ పొట్టును గమ్ములో కలిపి సందులో కూరి, పాలిష్ కొట్టేస్తాడు. రోజ్‌వుడ్ నల్లగా ఉంటుంది కాబట్టి ఆ రోజుకు ఎవరికీ కనబడదు.

మీ కవర్లో ఉన్న ముక్క ఏమిటో ఇప్పుడు అర్థమైందా? చెక్క ముక్క అయితే అందులో నార గీతలు కనిపిస్తాయి. పొట్టు, గమ్ము కలిపిన ముద్ద అయితే గీతలుండవు, గోటితో నొక్కితే పెళుసుగా ఉంటుంది. (మీరు నొక్కకండి, నిపుణుడు భూతద్దంతో చూస్తాడు.) అది ముద్దే అని తేలితే, సందు ఆయన షాపులోనే ఉందని, కనబడకుండా పూడ్చి పంపారని ఆ ముక్కే చెబుతుంది. అప్పుడిక ఎండ సంగతి చర్చకే రాదు.

మీ వైపు బలహీనత ఉందేమో కూడా ఇప్పుడే చూసుకోండి. గిటార్ మెడ అంచు వెంట వేలు జరపండి. ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీల) చివర్లు గుచ్చుకుంటున్నాయా? పైపలక కుంగిందా? చెక్క పొడవునా ఎక్కడైనా బీట ఉందా? పొడి గాలికి చెక్క నిజంగా ఎండితే ఆ గుర్తులు ఒంటినిండా ఉంటాయి. ఎందుకంటే చెక్క అడ్డంగా కుంచించుకుపోతుంది గానీ పొడవునా దాదాపు కుంచించుకుపోదు. మిగతా గిటార్ అంతా శుభ్రంగా ఉండి మొన ఒక్కటే విచ్చుకుంటే తప్పు పనితనానిది. ఫ్రెట్లు గుచ్చుకుంటుంటే మాత్రం నాతో గానీ మరో లాయరుతో గానీ దాచకుండా ఆ మాట ముందే చెప్పండి. ఎదుటి లాయరు నోటి నుంచి మొదటిసారి వినడం నాకు ఇష్టం ఉండదు.

ఇప్పుడు ఆ వడ్రంగి సంగతి. చేయించకండి. నాలుగు వేలు కాదు, ఉచితంగా చేస్తానన్నా వద్దు. సందులోకి కొత్త గమ్ము దిగిందంటే పాతది ఎక్కడ ఆగింది, కొత్తది ఎక్కడ మొదలైంది అని ఏ నిపుణుడూ చెప్పలేడు. రేపు తయారీదారు లాయరు ఒకే ప్రశ్న వేస్తాడు: ‘ఈ పుట్టీ మీ వడ్రంగి పెట్టింది కాదని రుజువేమిటి?’ మీ దగ్గర జవాబు ఉండదు. ఆ నాలుగు వేల బిల్లునే మీ సాక్ష్యాన్ని మీరే చెరిపేసుకున్నందుకు రసీదుగా చూపిస్తాడు.

‘పంపితే చూస్తా’ అన్న మాటకు కూడా పడిపోకండి. ఏ కాగితమూ లేకుండా గిటార్ ఆయన చేతికి వెళ్తే సాక్ష్యం ఆయన చేతికి వెళ్లినట్టే. తిరిగొచ్చేసరికి మొన మెరుస్తూ ఉంటుంది. పంపే పరిస్థితే వస్తే, ముందు నిపుణుడి రిపోర్టు, అన్ని కోణాల్లో ఫొటోలు, ఏ స్థితిలో పంపుతున్నారో రాసిన లేఖకు ఆయన ఒప్పుదల ఉండాలి.

చీటింగ్ కేసు మాట మర్చిపోండి. మొదటి నుంచే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపలేకపోతే అది నిలబడదు. పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగే లోపు అసలు గడువు దాటిపోతుంది.

గడువు అన్నాను కదా. మీ ఉత్తరం నాకు చేరింది 2026 జనవరి మూడో వారంలో. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ల లోపు ఫిర్యాదు వేయాలి. లోపం బయటపడిన జూన్ నుంచి లెక్కపెట్టాలని మనం వాదించవచ్చు. ఆయన మాత్రం డెలివరీ రోజు నుంచే లెక్కపెడతాడు. ఆయన లెక్కే ఖాయం అనుకుని 2026 మార్చి 9 లోపు వేసేయండి, నన్నడిగితే ఫిబ్రవరిలోనే. ఆలస్యానికి తగిన కారణం చూపితే వినియోగదారుల కమిషన్ మన్నించవచ్చు. కానీ ఏడాదిన్నర పాటు వాట్సాప్‌లో ‘బ్రదర్, ఎప్పుడు చేస్తారు’ అని మెసేజ్‌లు పెడుతూ కూర్చోవడం తగిన కారణం కాదు. మెసేజ్‌లు పంపినా, నోటీసులిచ్చినా గడియారం ఆగదు. ఈ ఒక్క ముక్క తెలియక నా దగ్గరికి ఆలస్యంగా వచ్చినవాళ్లను లెక్కపెట్టడం మానేశాను.

మిమ్మల్ని రెండు విషయాల్లో తప్పుపట్టక తప్పదు. మొదటిది, 1,10,000 యూపీఐలో పంపి, మిగిలిన 28,000 నగదుగా ఇచ్చి రసీదు అడగకపోవడం. ‘అడిగితే బాగోదని’ అట! లక్షా 38 వేల వస్తువుకు ఒక తెల్లకాగితం అడగడానికి మొహమాటం ఎందుకండీ? మొత్తం ధర ఆయన మెసేజ్‌లో ఎక్కడైనా ఉందేమో వెతకండి. రెండోది, పెట్టె విప్పిన పది నిమిషాలకే ‘సూపర్ బ్రదర్, అదిరింది’ అని పంపడం. సరుకు చూసుకుని ఒప్పుకున్నాడు అనడానికి ఆయన మొదట చూపించేది అదే. అయితే పాలిష్ కింద దాచిన లోపం పది నిమిషాల్లో కనబడదు కాబట్టి దాని గురించి మరీ టెన్షన్ పడకండి.

ఆ రోజు నాన్నగారు గిటార్ ఒళ్లో పెట్టుకున్న ఫొటో ఉందన్నారు. వాట్సాప్‌లో పంపుకున్న కాపీ కాదు, ఫోన్‌లో ఉన్న అసలు ఫైలు కావాలి. పెద్దది చేసి మొన దగ్గర రంగు తేడా ఏమైనా కనిపిస్తుందేమో చూడండి. చాట్లు, ఫొటోలు, వాటితో పాటు భారతీయ సాక్ష్య అధినియం 2023 సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో జతచేసే ధ్రువపత్రం) కూడా పెడదాం. కమిషన్లు అంత పట్టుబట్టకపోవచ్చు. అయినా అభ్యంతరం చెప్పే అవకాశం ఎదుటివారికి ఎందుకివ్వాలి? ఈలోగా ఫోన్ మార్చకండి, ఫార్మాట్ చేయకండి.

చేయాల్సింది ఇది. వాయిద్యాలు తయారుచేసే లేదా బాగుచేసే అనుభవం ఉన్న, ఈ గొడవతో సంబంధం లేని వ్యక్తికి గిటార్, ముక్క రెండూ చూపించండి. ఏం చూశాడో, కారణం ఏమనుకుంటున్నాడో, మొన దగ్గర బైండింగ్ తీసి మళ్లీ వేసి పాలిష్ సరిచేయడానికి ఎంతవుతుందో రాయించుకోండి. రాయించుకోవడమే, చేయించడం కాదు. దాన్ని అఫిడవిట్‌గా వేద్దాం. ఆ వెంటనే తయారీదారుకు స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషన్ పెట్టి నోటీసు ఇవ్వండి: పదిహేను రోజుల్లో మీ ఇంటికి వచ్చి, మీ నిపుణుడి ఎదుట చూసుకోవచ్చని. వస్తే మంచిదే, రాకపోతే ఇంకా మంచిది.

ఫిర్యాదుకు బెంగళూరు వెళ్లక్కర్లేదు. బిల్లు మీద ‘బెంగళూరు కోర్టుల పరిధి మాత్రమే’ అని అచ్చేసినా సరే, 2019 చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటే జిల్లా కమిషన్‌లో వేయవచ్చు. వినియోగదారుల కమిషన్ల పోర్టల్ ఈ-జాగృతిలో ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. మీరు ఫంక్షన్లలో వాయిస్తారు, పిల్లలకు నేర్పుతారు కాబట్టి వినియోగదారుడే కాదని ఆయన అనవచ్చు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొన్న వస్తువును వాణిజ్యం కింద లెక్కించకూడదని చట్టంలోనే వివరణ ఉంది. అవతలివారు జవాబు వేయడానికి 30 రోజులు, కమిషన్ అనుమతిస్తే మరో 15. అంతకుమించి లేదు.

‘అలంకారమే కదా’ అన్నదానికీ జవాబుంది. బైండింగ్ పలక అంచుల్లో బయటపడే చెక్క నార కొసలను కప్పి, తేమ దిగకుండా కాస్తుంది, దెబ్బలు తట్టుకుంటుంది. నిపుణుడి అఫిడవిట్‌లో ఈ మాట ఉండేలా చూడండి.

మొత్తం డబ్బు వెనక్కి వస్తుందని ఆశ పెట్టుకోకండి. గిటార్ మోగుతోంది, రెండేళ్లుగా వాయిస్తున్నారు. లోపం సరిచేయడానికి అయ్యే ఖర్చు, కొంత నష్టపరిహారం, కేసు ఖర్చులు అడగడం సబబు. నాన్నగారి జ్ఞాపకానికి విడిగా ఐదు లక్షలు అడగమన్నారు. అది నేను రాయను.

ఇవాళే చేయాల్సిన పని ఒకటి. ఆ ముక్కను కవర్ నుంచి చిన్న మూత డబ్బాలోకి మార్చి, మూత మీద టేపు వేసి, ఎక్కడ, సుమారుగా ఎప్పుడు రాలిందో చీటీ రాసి ఇద్దరితో సంతకం పెట్టించండి. చీటీ మీద ఇవాళ్టి తేదీ వేయండి. 2024 జూన్ తేదీ వేస్తే బాగుంటుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. డబ్బాను గిటార్ పెట్టెలో కాకుండా బీరువాలో పెట్టండి.