విఫలమైందా, అదుపు తప్పిందా?

సందేహం: మా బడిలో సైన్సు చార్టు మీద "కణ విభజన విఫలమైతే కేన్సర్ వస్తుంది" అని రాశాను. "వైఫల్యం చెందితే" అనాలని తోటి మాస్టారు అంటున్నారు. ఏది ఒప్పు? కేన్సర్ బదులు రాచపుండు అనొచ్చా?
– ఒక ఉపాధ్యాయిని, అమలాపురం

సమాధానం: రెండూ వద్దమ్మా. "వైఫల్యం చెందితే" తప్పు కాదు గానీ నోటికి బరువు. అసలు చిక్కు అక్కడ లేదు. ఫలం లేనిది విఫలం. పూతంతా రాలి కాయ పట్టకపోతే మామిడి కాపు విఫలమైనట్టు. కేన్సర్‌లో జరిగేది దీనికి తలకిందులు. కణం విడిపోలేకపోవడం కాదు, ఆగాల్సిన చోట ఆగకుండా విడిపోతూనే ఉండటం.

మీ కోనసీమ కాలవలు బొబ్బర్లంక దగ్గర మొదలై లాకులూ తూముల అదుపులో నడుస్తాయి. నీళ్లు రాకపోతే "కాలవ రాలేదు" అంటారు. గట్టు తెగి చేలు మునిగితే "గండి పడింది" అంటారు. రెండింటికీ ఒకే మాట వాడితే మీ ఊరి రైతు ఒప్పుకుంటాడా?

కణంలోనూ అలాంటి లాకులున్నాయి. మనిషి కణంలో మామూలుగా 46 క్రోమోజోములు, అంటే జన్యువులను మోసే పోగులు, ఉంటాయి. కణం విడిపోయే ముందు వాటికి నకళ్లు తయారై, రెండు పిల్లకణాలకూ మళ్లీ 46 చొప్పున అందాలి. వాటిలోని జన్యు పదార్థం, డీఎన్‌ఏ, దెబ్బతింటే పీ53 అనే ప్రొటీన్ విభజనను ఆపి, బాగుచేసుకునే వ్యవధి ఇస్తుంది. బాగుపడనంత చెడితే కణం తనంతట తానే చచ్చేలా చేస్తుంది. మరి ఆ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువే చెడితే? లాకు దగ్గర మనిషి లేనట్టే. మనుషులకొచ్చే కేన్సర్లలో దాదాపు సగంలో ఈ జన్యువు చెడి ఉంటుంది. సాధారణంగా ఇదొక్కటే చాలదు, ఇలాంటి లోపాలు మరికొన్ని పోగుపడాలి. వయసుతోపాటు ముప్పు పెరగడానికి అదో కారణం.

కాబట్టి విఫలమైంది విభజన కాదు, దాని మీది అదుపు. "కణ విభజన అదుపు తప్పితే కేన్సర్ రావచ్చు" అని రాయండి. (అన్నట్టు, విభజనలోని "వి" వేరుచేయడాన్ని చెబుతుంది, విఫలంలోని "వి" లేకపోవడాన్ని. పక్కపక్కన పెడితే పిల్లలు తికమక పడతారు.)

ఇక రాచపుండు. రాచబాటలో ఉన్న "రాచ" ఇదే, రాజుకు మరో రూపం. క్షయను సంస్కృతంలో రాజయక్ష్మ అన్నట్టు, రోగాల్లో పెద్దదని ఆ పేరు. మాట నాకిష్టమే గానీ చార్టుకు నప్పదు. పుండు పడని కేన్సర్లు బోలెడు, రక్త కేన్సర్‌కైతే మామూలుగా గడ్డ కూడా కనపడదు. పైగా మా అమ్మమ్మ షుగరున్న వాళ్ల వీపు మీద లేచే కురుపునూ రాచకురుపనే అనేది. కేన్సర్‌ను కేన్సర్‌గానే ఉంచండి. లాటిన్‌లో ఆ మాటకు పీత అని అర్థం. దాన్ని తెలుగు చేసి పెట్టారంటే మీ పిల్లల ధ్యాస పాఠం వదిలి పులుసు మీదికి పోతుంది.