ఇడ్లీ పిండి మీద ప్రాజెక్టు చేసి ఫుడ్ మైక్రోబయాలజీ పరిశోధనలోకి వెళ్లొచ్చా?

కావలిలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్న మీరు అడిగింది ఇది: ఇంటి ఇడ్లీ పిండిలోంచి లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాను (పిండిని పులియబెట్టేవి) వేరుచేసి ప్రోబయోటిక్ (తింటే ఒంటికి మేలు చేసే సూక్ష్మజీవి) అని నిరూపించాలి, కానీ ప్లేట్లలో కాలనీలన్నీ (బ్యాక్టీరియా పెరిగి కనబడే చుక్కలు) కలిసిపోతున్నాయి, ఈ పని పీహెచ్‌డీకి పనికొస్తుందా అని.

తప్పకుండా పనికొస్తుంది. ప్రోబయోటిక్ అన్న మాట మాత్రం కొన్నాళ్లు పక్కన పెట్టండి. ముందు ప్లేటు సరిగ్గా రావాలి.

కాలనీలు కలిసిపోతున్నాయంటే పలచన చాల్లేదన్నమాట. బాగా పులిసిన పిండిలో గ్రాముకు 10 కోట్ల నుంచి 100 కోట్ల దాకా ఈ బ్యాక్టీరియా ఉంటాయి. 10 గ్రాముల పిండిని 90 మి.లీ. స్టెరైల్ సెలైన్‌లో (0.85 శాతం ఉప్పు) కలిపితే మొదటి పలచన. అందులోంచి 1 మి.లీ. తీసి 9 మి.లీ.లో కలుపుతూ ఏడో ట్యూబు దాకా వెళ్లండి. ప్రతిసారీ టిప్పు మార్చాలి. మార్చకపోతే ముందు ట్యూబులో ఉన్నవి అంటుకొచ్చి లెక్క ఎక్కువ చూపిస్తుంది. అయిదు, ఆరు, ఏడు ట్యూబుల నుంచి 0.1 మి.లీ. చొప్పున ఎమ్మారెస్ అగార్ (లాక్టిక్ బ్యాక్టీరియాను పెంచే గట్టి మీడియం) మీద పరిచి, 30 డిగ్రీల దగ్గర 48 గంటలు ఉంచండి. 30 నుంచి 300 కాలనీలున్న ప్లేటునే లెక్కపెట్టాలి.

అగార్‌లో 0.5 శాతం కాల్షియం కార్బొనేట్ (సుద్ద) వేస్తే ఆమ్లం చేసే కాలనీ చుట్టూ తెల్లదనం కరిగి వలయం కనబడుతుంది. సుద్ద అడుక్కి దిగిపోతుంది గనక పోసే ముందు ప్రతిసారీ ఫ్లాస్కును గుండ్రంగా తిప్పండి. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు చాలు. ఎక్కువసేపు ఉంచితే చక్కెర మాడి మీడియం నల్లబడుతుంది, పెరుగుదల తగ్గుతుంది.

ఎమ్మారెస్ మీద వచ్చిందల్లా లాక్టిక్ బ్యాక్టీరియా కాదు, ఈస్టు కూడా హాయిగా పెరుగుతుంది. అందుకే గ్రామ్ స్టెయిన్ (రంగు వేసి మైక్రోస్కోపులో చూసే పరీక్ష), ఆపైన కేటలేజ్ ఎంజైమ్ పరీక్ష చేయాలి. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలో బుడగలు రాకూడదు. నిక్రోమ్ లూపుతో చేస్తే ఆ లోహమే బుడగలు తెప్పిస్తుంది, మంచి ఐసొలేట్‌ను (వేరుచేసిన బ్యాక్టీరియాను) పారేసుకుంటారు. చెక్క పుల్లతో చేయండి.

ఇడ్లీ పిండి పొంగడంలో ముఖ్యమైనది ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే లాక్టిక్ బ్యాక్టీరియా. అది మినప్పప్పుతోనే వస్తుంది. చక్కెర కలిపిన అగార్ మీద జిగురుగా, సాగే కాలనీలు కనిపిస్తే అదేనని అనుమానించొచ్చు. పులుపు పెరిగేకొద్దీ వేరే జాతులు పైచేయి సాధిస్తాయి. కాబట్టి ఒక్క శాంపిల్‌తో సరిపెట్టుకోకుండా 4, 8, 12 గంటలకు తీసి, ప్రతిసారీ పీహెచ్, గది వేడి, ఉప్పు ఎప్పుడు వేశారో నోటుబుక్కులో రాయండి. మన నెల్లూరు ఎండలకు దారిలోనే పిండి ఇంకా పులిసిపోతుంది, ఐసు పెట్టెలో తీసుకెళ్లండి. ఇంటర్వ్యూలో మిమ్మల్ని నిలబెట్టేది ఈ నోటుబుక్కే.

ఒక్కో కాలనీని మూడుసార్లు స్ట్రీక్ చేసి (కొత్త ప్లేటు మీద గీతలుగా పరిచి), శుద్ధమని తేలాకే 20 శాతం గ్లిసరాల్‌లో మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచండి. 16ఎస్ సీక్వెన్సింగ్‌కు (జాతిని గుర్తించడానికి 16ఎస్ జన్యువును చదివే పరీక్ష) పంపేది ఆ తర్వాతే. దగ్గరి జాతులైన ప్లాంటారమ్‌నూ పెంటోసస్‌నూ 16ఎస్ విడదీయలేదు, దానికి రెక్‌ఏ జన్యువు చూడాలి. 2020లో ఈ జాతులుండే లాక్టోబాసిల్లస్ ప్రజాతిని విడగొట్టారు, ఇప్పుడు ప్లాంటారమ్ పేరు లాక్టిప్లాంటిబాసిల్లస్ ప్లాంటారమ్. రిపోర్టులో పాత పేరు కనబడితే పరీక్షకులు అడుగుతారు.

ప్రోబయోటిక్ పరీక్షలకు అప్పుడు రండి: పీహెచ్ 2.5 నుంచి 3 మధ్య మూడు గంటలు, 0.3 శాతం పైత్య లవణాలు, యాంటీబయాటిక్ నిరోధకత. ఇవి దాటినా ‘ప్రోబయోటిక్ గుణం ఉండే అవకాశం ఉంది’ అని మాత్రమే రాయాలి.

పీహెచ్‌డీకి జూన్, డిసెంబరు సీఎస్ఐఆర్ నెట్ రాయండి, డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం) జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్), గేట్ పరీక్షలు కూడా వదలొద్దు. 2023 నుంచి జేఆర్ఎఫ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు. మైసూరు సీఎఫ్‌టీఆర్ఐ (కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ), కర్నాల్ ఎన్‌డీఆర్ఐ (జాతీయ పాడి పరిశోధన సంస్థ) ఈ రంగానికి సరైన చోట్లు. ఫెలోషిప్ వచ్చేలోపు ఖాళీగా ఉండకండి. మన జిల్లాల్లోని రొయ్యల ప్రాసెసింగ్ ల్యాబులో చేరితే 25 గ్రాముల శాంపిల్‌లో సాల్మొనెల్లా (జబ్బు తెప్పించే బ్యాక్టీరియా) వెతకడం చేతికి అలవాటవుతుంది, కంట్రోల్ ప్లేటు (పోల్చి చూడటానికి పెట్టేది) లేకుండా ఫలితం రాయకూడదన్న క్రమశిక్షణ కూడా అక్కడే పడుతుంది.