కొత్త లేబర్ కోడ్లు వచ్చాక చిన్న యూనిట్ యజమాని ముందు ఏం సరిచేసుకోవాలి?

18 మందితో యూనిట్ నడుపుతున్నాను, కొత్త లేబర్ కోడ్లతో ఖర్చు ఎంత పెరుగుతుంది, ముందు ఏది మార్చాలి అని అడిగారు. జీడిమెట్లలో మాది అట్టపెట్టెలు చేసే యూనిట్, 22 మంది ఉన్నారు. మేం చేసిందే చెబుతాను.

2025 నవంబర్ 21 నుంచి పాత 29 చట్టాల స్థానంలో నాలుగు కోడ్లు అమల్లోకి వచ్చాయి. 300 మంది లోపు ఉంటే ప్రభుత్వ అనుమతి లేకుండానే రిట్రెంచ్‌మెంట్, అంటే మనుషులు ఎక్కువయ్యారని తీసేయడం, చేయవచ్చు అన్న మార్పు మీదే అందరూ మాట్లాడారు. పాత పరిమితి 100. మీకైనా నాకైనా దానితో పని లేదు. మీరు చూసుకోవాల్సింది జీతాల షీటు.

మా దగ్గర 24,000 జీతం ఉన్న ఆపరేటర్‌కి బేసిక్ 8,000 మాత్రమే చూపించేవాళ్లం, మిగతాదంతా హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె అలవెన్సు), ఇతర అలవెన్సులు. పీఎఫ్ తగ్గుతుందని మా కన్సల్టెంట్ ఇచ్చిన సలహా అది. ఇప్పుడు అలాంటి అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటిన భాగాన్ని కూడా వేతనం కిందే లెక్కేయాలి. అంటే అతని వేతనం 12,000. పీఎఫ్ 960 నుంచి 1,440 అయింది, మా వాటా అంతే, అతని వాటా అంతే. చేతికొచ్చే జీతం 480 తగ్గుతుందని అతనికి ముందే కూర్చోబెట్టి చెప్పాను. ఇది మాత్రం తప్పకుండా చేయండి. పేస్లిప్ చూశాక తెలిస్తే మీరే కోసుకున్నారనుకుంటారు.

గ్రాట్యుటీ, అంటే పని మానేసి వెళ్లేటప్పుడు సర్వీసుని బట్టి ఇచ్చే మొత్తం, దాని దగ్గర తేడా ఇంకా పెద్దది. చివరి వేతనాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణిస్తాం కదా. పదేళ్ల మనిషికి 46,000 దాకా వచ్చేది 69,000 దాటింది. ఒక ఏడాది లాభంలోంచి ఇది తీయలేం, ఇప్పటి నుంచే నెలనెలా పక్కన పెట్టండి. ఫిక్స్‌డ్ టర్మ్ మీద, అంటే ఇంత కాలానికని రాసుకుని, తీసుకున్నవాళ్లకి ఏడాదికే గ్రాట్యుటీ వస్తుంది, కాబట్టి అది తప్పించుకోవడానికి అయిదేళ్లు నిండకుండా కాంట్రాక్టు మార్చే పద్ధతి మర్చిపోండి.

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఫైనల్ సెటిల్‌మెంట్, అంటే వెళ్లిపోయేవాళ్లకి రావలసినవి లెక్క తేల్చి ఇవ్వడం. 2023లో తల్లికి బాగాలేదని శ్రీకాకుళం వెళ్లిపోయిన ఒక ఆపరేటర్‌కి మేం డబ్బులు వేయడానికి 40 రోజులు పట్టింది. మూడుసార్లు ఫోన్ చేశాడు. నెలాఖరు షీటుతోనే అవుతుందని చెప్పించాను. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. మానేసినా, మనం తీసేసినా, ఇప్పుడు రావలసిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. గ్రాట్యుటీకి మాత్రం 30 రోజులుంటాయి. రెండు రోజుల్లో అవ్వాలంటే హాజరు, ఓటీ (ఓవర్‌టైమ్) ఏ రోజుకారోజు ఎక్కించాలి. అసలు చిక్కు అడ్వాన్సుల లెక్కతో వస్తుంది. పండక్కి, పెళ్లికి ఇచ్చినవి మావాళ్లు చీటీల మీద రాసి డ్రాయర్‌లో పెట్టేవాళ్లు. కోతలన్నీ కలిపి వేతనంలో 50 శాతం దాటకూడదు గనక, చివరి జీతంలో మొత్తం పట్టేసుకుందామంటే కుదరదు. అందుకే పెద్ద అడ్వాన్సులు ఆపేసి, నెలకి ఎంత కోయాలో ఇచ్చేటప్పుడే రాసి సంతకం తీసుకుంటున్నాం.

40 ఏళ్లు దాటినవాళ్లకి ఏటా ఉచిత హెల్త్ చెకప్ కూడా ఉంది, దాని ఏర్పాటు చూసుకోండి.

అపాయింట్‌మెంట్ లెటర్లు అందరికీ ఇవ్వాలి. ఇదివరకు ఇవ్వని పాతవాళ్లకి కోడ్ మూడు నెలలే గడువిచ్చింది, మీరు ఇవ్వకపోయి ఉంటే ఈ వారమే ఇచ్చేయండి. మేం తెలుగులో రాయించాం, ఒడిశా, బీహార్ కుర్రాళ్లకి హిందీలో. 2014 నుంచి ఉన్న ఒకాయన కాగితం చేతిలోకి తీసుకుని, "ఇందులో నేను చేరిన తేదీ రాశారా సార్?" అని అడిగాడు. రాశాం. మీరూ పాతవాళ్లకి లెటర్ ఇచ్చిన తేదీ కాకుండా, నిజంగా పనిలో చేరిన తేదీనే రాయండి. గ్రాట్యుటీ ఆ తేదీ నుంచే లెక్క.