సమాధానం: 1919 రెడ్ స్కేర్‌లో మెకార్తీ ఎందుకు లేడు?

రెడ్ స్కేర్ (అమెరికాలో కమ్యూనిస్టులంటే చెలరేగిన భయం) మీద వ్యాసం రాస్తుంటే మీ పుస్తకంలో మెకార్తీ పేరు కనబడలేదని అడిగారు కదా. టెన్షన్ పడకండి, మీ పుస్తకం తప్పేమీ కాదండీ. మెకార్తీ 1950ల మనిషి, కమ్యూనిస్టుల వేటతో పేరుమోసిన అమెరికా సెనేటర్. మీ వ్యాసం 1919–20 నాటి మొదటి రెడ్ స్కేర్ గురించి. అందుకే ఆయన పేరు మీకు దొరకలేదు.

ఇక ఆ భయం నిజమా, కల్పితమా అన్నారు. కొంత నిజమే. రష్యాలో బోల్షివిక్కులు (అక్కడి కమ్యూనిస్టులు) గెలిచి అప్పటికి రెండేళ్లు కాలేదు. 1919 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటిల్ నగరమంతా సమ్మెతో ఆగిపోయింది. జూన్ 2 రాత్రి ఎనిమిది నగరాల్లో బాంబులు పేలాయి. ఒకటి వాషింగ్టన్‌లో అటార్నీ జనరల్ (ప్రభుత్వ న్యాయశాఖ అధిపతి) పామర్ ఇంటి ముందే పేలి, తెచ్చినవాడు అక్కడే చనిపోయాడు.

కానీ బాంబులు పెట్టింది కొద్దిమంది అనార్కిస్టులు (ప్రభుత్వమే వద్దనేవాళ్లు) అయితే, 1920 జనవరిలో పామర్ శాఖ చేసిన దాడుల్లో పట్టుకుపోయింది వేలమందిని. వారిలో ఎక్కువమంది వలస కార్మికులు. చాలామందిపై వారెంట్ కూడా లేదు. నాకు ఇప్పటికీ బాధనిపించేది ఇదే.

మీ వ్యాసంలో లూయీ పోస్ట్‌ను వదలకండి. కార్మిక శాఖ అధికారి. ఒక్కో ఫైలూ చదివి, పట్టుబడినవారిని దేశం నుంచి పంపేయాలన్న వెయ్యికి పైగా బహిష్కరణ కేసులు కొట్టేశాడు. పదవి నుంచి తీసేయాలని కాంగ్రెస్‌లో (అమెరికా చట్టసభలో) పట్టుబట్టినా తగ్గలేదు. 1920 మే 1న తిరుగుబాటు వస్తుందని పామర్ హెచ్చరించాడు. ఆ రోజు ఏమీ జరగలేదు. జనం ఆయన మాట నమ్మడం తగ్గింది అక్కడి నుంచే.