ఫొటోలో మచ్చ, సెన్సార్ మీద దుమ్ము

ప్రశ్న: ఆకాశం ఫొటో ఎప్పుడు తీసినా ఒకే చోట బూడిదరంగు మచ్చ పడుతోంది. లెన్స్ మార్చినా పోలేదు. సెన్సార్‌ని (కెమెరా లోపల ఫొటోని పట్టే పలకని) నేనే శుభ్రం చేసుకోవచ్చా? పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: నిశ్చింతగా చేసుకోవచ్చండి. మనం తాకేది సెన్సార్‌ని కాదు, దాని ముందున్న ఫిల్టర్ గాజుని. అయితే దానికీ గీతలు పడతాయి కాబట్టి తొందర పనికిరాదు.

ముందు ఎఫ్/16లో (లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసే సెట్టింగ్), ఫోకస్ తప్పించి, తెల్లగోడ ఫొటో తీయండి. దుమ్మంతా బయటపడుతుంది. ఫొటోలో పైన కనిపించే మచ్చ సెన్సార్ మీద కింద ఉంటుంది. కుడి ఎడమలు మాత్రం, మీరు ఎదురుగా చూస్తే, మారవు.

బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి, మెనూలో క్లీనింగ్ మోడ్ పెట్టండి. మధ్యలో బ్యాటరీ ఖాళీ అయితే షట్టర్ (సెన్సార్ ముందుండే తెర) మూసుకోవచ్చు. లెన్స్ తీసి, కెమెరాను బోర్లా పట్టుకుని రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టండి, బ్లోయర్ ముక్కు లోపలికి దూర్చకుండా. చాలాసార్లు ఇంతటితోనే పని అయిపోతుంది. నోటితో మాత్రం దయచేసి ఊదకండి, ఉమ్మి తుంపర పడితే మరక అంటుకుంటుంది. గాలి డబ్బా స్ప్రేలూ వద్దు, వాటిలోని ద్రవం చిమ్ముతుంది.

అప్పటికీ పోకపోతేనే స్వాబ్ (సెన్సార్ తుడిచే మెత్తని పుల్ల). ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సైజు) సెన్సార్‌కి 24 మి.మీ., ఏపీఎస్-సీ (అంతకంటే చిన్న సైజు) సెన్సార్‌కి 16 మి.మీ. వెడల్పుది కొనండి. సెన్సార్ శుభ్రం చేసే ద్రావణం స్వాబ్ మీద ఒకటి రెండు చుక్కలు చాలు. ఒక చివర నుంచి మరో చివరకు ఒకే ఊపున లాగి, స్వాబ్ తిప్పి వెనక్కి ఒకసారి లాగండి. ఆ స్వాబ్ మళ్లీ వాడకండి, దానికంటిన రేణువే గీత పెడుతుంది.