బీఎడ్‌లో వ్యాసం చదివే ముందు చేయించే యాక్టివిటీలు పనికొస్తాయా, టైమ్ వేస్టా?

"వ్యాసం ఎలాగూ చదువుతాం, దానికి ముందు ఈ ఆటలెందుకు?" అని అడిగారు. బెంగళూరులో బీఎడ్ చేసేటప్పుడు నేనూ అలాగే విసుక్కునేదాన్ని. కేఆర్ పురం పీజీ హాస్టల్లో రాత్రి పదింటికి ఇంగ్లీషు వ్యాసం ముందేసుకుని, హైలైటర్‌తో పేజీ అంతా పసుపు పూసేదాన్ని. పొద్దున అడిగితే ఒక్క ముక్క గుర్తుండేది కాదు.

లెక్కల మేడమ్ ఒకరోజు వ్యాసం ఇవ్వకుండా ఓ పిల్లాడి నోట్సు జిరాక్స్ పంచారు. 52-27=35, 83-46=43, 60-24=44. "వీడే 71-38కి ఎంత రాస్తాడు?" అన్నారు. మేమంతా "అజాగ్రత్త, ప్రాక్టీసు చాలదు" అని రాసేశాం. అంకె మాత్రం ఎవరికీ తట్టలేదు. పావుగంట తలలు బద్దలుకొట్టుకున్నాక నా పక్కనున్న చిత్తూరమ్మాయి "నలభై ఏడు!" అని అరిచింది. పైదా కిందిదా అని చూడకుండా, ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తున్నాడు, అంతే.

అప్పుడిచ్చారు వ్యాసం. పిల్లల తీసివేత తప్పులు చాలాసార్లు ఓ పద్ధతి ప్రకారమే వస్తాయని 1978లో బ్రౌన్, బర్టన్ అనే పరిశోధకులు చూపించిన సంగతి అందులో ఉంది. వాటికి వాళ్ళు పెట్టిన పేరు 'బగ్స్'. ఆ రాత్రి హైలైటర్ బయటికి తీయలేదు. మా పిల్లాడి గురించి ఏమన్నారా అని వెతుక్కుంటూ చదివాను.

అన్నీ ఇలా ఉండవు లెండి. వైగోట్స్కీ అనే మనస్తత్వవేత్త గురించిన పాఠానికి ముందు ఇంకో క్లాసులో 'తెలిసింది, తెలుసుకోవాల్సింది, తెలుసుకున్నది' చార్టు ఇచ్చి ఎవరిది వాళ్ళు నింపమన్నారు. 1986లో డోనా ఓగల్ అనే విద్యా పరిశోధకురాలు ఆ పద్ధతి పెట్టింది నలుగురూ కలిసి మాట్లాడుకుంటూ నింపడానికి. నేను మొదటి గడిలో "రష్యా ఆయన" అని రాసి కూర్చున్నాను.

"వ్యాసం చదివాకే యాక్టివిటీ చేయిస్తే పోలా?" అనీ అడిగారు. 1972లో బ్రాన్స్‌ఫర్డ్, జాన్సన్ అనే పరిశోధకులు కొందరికి ఓ పేరా వినిపించారు. బట్టలుతకడం గురించే, కానీ ఆ మాట అందులో ఎక్కడా రాదు. విషయం ముందే చెప్పినవాళ్ళకి దాదాపు రెట్టింపు గుర్తుంది. విన్నాక చెప్పినవాళ్ళకి మాత్రం అసలు చెప్పనివాళ్ళకన్నా ఏమీ ఎక్కువ గుర్తులేదు.

ఇంటర్న్‌షిప్‌లో ఆరో తరగతి పాప 403-158కి 355 వేసింది. ఇంటూ కొట్టకుండా ఎలా చేశావని అడిగాను. "మూడులోంచి ఎనిమిది పోదు కదా మిస్, అందుకే ఎనిమిదిలోంచి మూడు తీసేశా" అంది. ఆ పాపది ఇంట్లో తెలుగే కాబట్టి సరిపోయింది, నా కన్నడకి అంత సీన్ లేదు.