చేతికి రాని వడ్డీకి లెక్క అడిగిన ఆదాయపు పన్ను శాఖ

ప్రశ్న: నేను ప్రభుత్వ ఉపాధ్యాయినిగా పనిచేసి ఆరేళ్ల క్రితం పదవీ విరమణ చేశాను. వయసు 66. నెలకు 45,000 రూపాయల పెన్షన్ వస్తోంది. రెండు బ్యాంకుల్లో చెరి 20 లక్షలు డిపాజిట్ చేశాను. మొదటి బ్యాంకు మూడు నెలలకోసారి వడ్డీ ఇస్తుంది. రెండోది గడువు తీరాకే అసలుతో కలిపి ఇస్తుంది కాబట్టి దాని వడ్డీని 2024-25 రిటర్నులో చూపలేదు. రావలసిన 14,000 రూపాయల రీఫండ్ ఆగిపోయింది, వడ్డీ వివరాలు సరిపోలడం లేదని ఆదాయపు పన్ను శాఖ నుంచి సందేశం వచ్చింది. తెనాలిలో బట్టల కొట్టు నడిపిన మా నాన్నగారు ఆ శాఖ పేరు వింటేనే కలవరపడేవారు. అసలు ఈ శాఖ ఎప్పటిది, దాని అధికారం ఎంతవరకు, నా డిపాజిట్ల సంగతి దానికెలా తెలిసింది? ఇంటికి సోదాకు వస్తారా? డిపాజిట్లు తీసేసి, నోటు మీద నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇవ్వమని మా బంధువు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందుగా మీ మనసు కుదుటపడే మాట చెబుతాను. మీరు వదిలేసిన వడ్డీని ఇప్పుడు కలిపి చూపినా మీరు చేతి నుంచి కట్టవలసింది ఏమీ ఉండదు, పైగా 2,520 రూపాయలు మీకే తిరిగి వస్తాయి. ఏడాది పెన్షన్ 5,40,000, రెండు బ్యాంకుల వడ్డీ 1,40,000 చొప్పున 2,80,000, కలిపితే 8,20,000 రూపాయలు. కొత్త పన్ను విధానంలో పెన్షనర్లకు ఉన్న 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 7,45,000 మిగులుతుంది. ఆ ఏడాది శ్లాబుల ప్రకారం మొదటి 3 లక్షలకు పన్ను లేదు, తర్వాతి 4 లక్షలకు 5 శాతం చొప్పున 20,000, ఆపైన 45,000కు 10 శాతం చొప్పున 4,500, దానిమీద 4 శాతం సెస్సు 980, వెరసి 25,480 రూపాయలు. రెండు బ్యాంకులూ మీ పేరున 14,000 చొప్పున 28,000 రూపాయలు టీడీఎస్ కింద, అంటే వడ్డీలోంచి ముందే మినహాయించే పన్ను కింద, జమ చేశాయి. మీరు రెండో బ్యాంకు వడ్డీని వదిలినప్పుడు దాని టీడీఎస్‌ను కూడా వదిలేశారు. మొదటి బ్యాంకు వడ్డీ ఒక్కటే లెక్కలోకి వచ్చేసరికి ఆదాయం 7 లక్షల లోపు పడి, రిబేటు, అంటే పన్ను మాఫీ వల్ల పన్ను సున్నా అయి, 14,000 మొత్తం వెనక్కి రావలసినట్టు కనిపించింది. శాఖ ఆపింది ఆ లెక్కనే.

చేతికి రాని వడ్డీకి పన్నేమిటన్న మీ సందేహం సబబైనదే, చాలామంది పెన్షనర్లు ఇక్కడే పొరపడతారు. గడువు తీరాక ఇచ్చే డిపాజిట్‌పై కూడా బ్యాంకు ఏటికేడు వడ్డీని మీ లెక్కలో జమ వేసుకుంటుంది, దానిపై ఏటా టీడీఎస్ మినహాయించి కడుతుంది. మీరు మాత్రం చివరి ఏడాదిదాకా ఆగి చూపితే, అన్నేళ్ల వడ్డీ ఒకే ఏడాది ఆదాయమై పై శ్లాబులోకి వెళుతుంది, పాత ఏళ్ల టీడీఎస్‌ను అప్పుడు రాబట్టుకోవడమూ కష్టమవుతుంది. అందుకని ఏ ఏటి వడ్డీని ఆ ఏడే చూపడం మేలు.

ఇక శాఖ సంగతి. దాని చరిత్రంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. ఒక మనిషి ఆదాయం ఎంతో ప్రభుత్వానికి ఎవరు చెప్పాలి? 1857 తిరుగుబాటు అణచివేతకు అయిన ఖర్చుతో ఖజానా ఖాళీ అయినప్పుడు, ఆ లోటు పూడ్చడానికి లండన్ నుంచి జేమ్స్ విల్సన్ అనే ఆయన్ను ఆర్థిక సభ్యుడిగా, అంటే నేటి ఆర్థిక మంత్రి వంటి హోదాలో, కలకత్తాకు పంపారు. ఆయన 1860లో ప్రవేశపెట్టిన బడ్జెట్‌లో ఏడాదికి 200 రూపాయలకు మించిన ఆదాయాలపై పన్ను ప్రతిపాదించారు, అది ఆ ఏడాది జూలై 24న అమల్లోకి వచ్చింది. నేటికీ శాఖ ఆ తేదీనే ఆదాయపు పన్ను దినంగా జరుపుకుంటుంది. పన్ను మొదలైన కొద్దిరోజులకే, ఆగస్టులో, విల్సన్ కలకత్తాలోనే కన్నుమూశారు.

ఈ కథలో మన ప్రాంతానికి ఒక పాత్ర ఉంది, అది మీకు చెప్పాలనిపిస్తోంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అక్కడి గవర్నరు చార్లెస్ ట్రెవెల్యన్ ఈ పన్నును గట్టిగా వ్యతిరేకించారు. శిస్తు కట్టే రైతుకూ చిన్న వ్యాపారికీ అలవాటు లేని ఈ కొత్త పన్ను ప్రజల్లో అసంతృప్తి రేపుతుందని, ముందు ప్రభుత్వం ఖర్చు తగ్గించుకోవాలని ఆయన వాదన. ఆ అభ్యంతర పత్రాన్ని పత్రికలకు ఇచ్చినందుకు ఆయన్ను 1860లోనే వెనక్కి పిలిపించారు. తర్వాత ఆయనే ఆర్థిక సభ్యుడిగా కలకత్తాకు తిరిగి వచ్చారు. ఐదేళ్ల గడువుతో పుట్టిన ఆ పన్ను 1865లో ముగిసిపోయింది. ఆ వ్యతిరేకతలో బలమైన కారణం ఉందని నేను నమ్ముతాను. ఆదాయాన్ని తేల్చే పద్ధతి ఏదీ లేనప్పుడు స్థానిక అధికారి అంచనాయే ఆదాయమవుతుంది, ఆ అంచనా దగ్గరే వేధింపు మొదలవుతుంది.

లైసెన్సు పన్ను వంటి రూపాల్లో వస్తూ పోతూ ఉన్న ఈ పన్ను 1886 చట్టంతో స్థిరపడింది. వ్యవసాయ ఆదాయాన్ని మినహాయించింది ఆ చట్టమే, ఆ మినహాయింపు నేటికీ నిలిచింది. అయితే వసూలు భారం మాత్రం చాలాకాలం కలెక్టర్లు, తహసీల్దార్ల వంటి రెవెన్యూ అధికారుల మీదే ఉండేది. దీనికంటూ ప్రత్యేకమైన యంత్రాంగం 1922 చట్టంతో రూపుదిద్దుకుంది, 1924లో కేంద్ర రెవెన్యూ బోర్డు ఏర్పడింది. నిజాం పాలనలోని హైదరాబాదుకు వేరే చట్టం ఉండేది, 1950 ఏప్రిల్ నుంచి అక్కడ కూడా భారత చట్టమే వర్తించింది. 1961 చట్టం 1962 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. పాత బోర్డు 1964 జనవరి 1న రెండుగా విడిపోయి, ఆదాయపు పన్ను వంటివి కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు కిందికి, ఎక్సైజు, కస్టమ్స్ మరో బోర్డు కిందికి వచ్చాయి. మీకు సందేశం పంపిన శాఖ ఈ ప్రత్యక్ష పన్నుల బోర్డు కింద, ఆర్థిక మంత్రిత్వ శాఖలోని రెవెన్యూ విభాగంలో పనిచేస్తుంది. పన్ను రేటును నిర్ణయించేది మాత్రం పార్లమెంటు. చట్టం అనుమతిస్తే తప్ప ఏ పన్నూ విధించరాదు, వసూలు చేయరాదు అని రాజ్యాంగంలోని 265వ అధికరణం చెబుతుంది. శాఖ అధికారానికి అదే తొలి హద్దు.

మీ నాన్నగారి కలవరానికీ కారణం ఉంది. 1973-74లో ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు సర్‌చార్జితో కలిపి 97.75 శాతానికి చేరింది. అంత రేటు పడేది 2 లక్షలు దాటిన ఆదాయానికే అయినా, ఆ కాలపు భయం చిన్న కొట్టుదాకా పాకింది. వ్యాపారి చెప్పే ఆదాయాన్ని సరిచూడటానికి అధికారికి ఉన్న దారి కొట్టుకు వచ్చి చిట్టా ఆవర్జాలు తిరగేయడం, లేదంటే తన అంచనా తాను వేయడం. ఒకరి మాట మీద మరొకరికి నమ్మకం లేని ఆ పరిస్థితిలో పన్ను ఎగవేతా పెరిగింది, నిజాయితీగా కట్టినవాడికి వేధింపూ తప్పలేదు. గరిష్ఠ రేటును మరుసటి ఏడాదే 77 శాతానికి తగ్గించారు. ఇప్పుడు మామూలు శ్లాబుల్లో గరిష్ఠ రేటు 30 శాతం.

మరి మీ డిపాజిట్ సంగతి ఎలా తెలిసిందంటే, దానికి జవాబు మీ పాన్ కార్డు. పాన్ 1972లో మొదలైంది, ఇప్పుడు మనం వాడే పది అక్షరాల సంఖ్య 1995లో మొదలైంది. 1995 జూలై 1 తర్వాత చేసిన బ్యాంకు టర్మ్ డిపాజిట్ల వడ్డీ మీద టీడీఎస్ కూడా వచ్చింది. బెంగళూరులో 2009లో నెలకొల్పిన కేంద్రంలో రిటర్నులను కంప్యూటర్లే సరిచూస్తాయి. బ్యాంకులు, మ్యూచువల్ ఫండ్లు, రిజిస్ట్రారు కార్యాలయాలు పంపే వివరాలన్నీ పాన్ వారీగా చేరి, 2021 నవంబరు నుంచి వార్షిక సమాచార నివేదిక, అంటే ఏఐఎస్ రూపంలో మనకూ కనిపిస్తున్నాయి. 1860లో అధికారి అంచనా వేసిన చోట ఈనాడు మీ బ్యాంకు నేరుగా లెక్క చెబుతోంది. మీకు వచ్చిన సందేశం వెనుక మీపై కోపంగాని, అనుమానంగాని పెట్టుకున్న అధికారి ఎవరూ లేరు. రెండు అంకెలు కలవలేదు, అంతే.

సోదా మాట పూర్తిగా మరిచిపోండి. లెక్క చూపని ఆస్తి లేదా ఆదాయం ఉందని నమ్మడానికి తగిన ఆధారం ఉండి, ఉన్నతాధికారి అనుమతి ఇచ్చినప్పుడు మాత్రమే 1961 చట్టంలోని 132వ సెక్షన్ కింద సోదా చేయాలి. బ్యాంకు స్వయంగా పంపిన వడ్డీ వివరానికి సోదా అవసరమే ఉండదు. రేపు ఎప్పుడైనా మీ రిటర్నులో శాఖ చేసిన మార్పు తప్పనిపిస్తే సవరణ కోరవచ్చు, 30 రోజుల్లో కమిషనరు ముందు అప్పీలు చేయవచ్చు, ఆపైన ట్రిబ్యునలుకు వెళ్లవచ్చు. 1941 నుంచి పనిచేస్తున్న ఆ ట్రిబ్యునల్ ఆర్థిక శాఖ కింద కాకుండా న్యాయ శాఖ కింద ఉండటం పన్ను కట్టేవారికి పెద్ద అండ అని నా అభిప్రాయం.

జాగ్రత్త పడవలసింది నకిలీ సందేశాల విషయంలో. సెల్‌ఫోనుకు వచ్చిన లింకును నొక్కకండి. ఓటీపీ, ఏటీఎం పిన్ వంటివి శాఖ ఎప్పుడూ అడగదు. శాఖ అధికారిక పోర్టల్‌లోకి మీ పాన్, పాస్‌వర్డ్‌తో నేరుగా వెళ్లి చూడండి. 2019 అక్టోబరు నుంచి శాఖ జారీ చేసే నోటీసులకు, ఉత్తర్వులకు ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, అది నిజమైనదో కాదో అదే పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు.

ఇప్పుడు చేయవలసిన పని. రెండు బ్యాంకుల నుంచి వడ్డీ ధ్రువపత్రాలు తీసుకుని ఏఐఎస్‌తో పోల్చండి. ఏఐఎస్‌లో ఏదైనా రెండుసార్లు నమోదైతే, లేదా మీది కానిది కనిపిస్తే, అక్కడే మీ అభ్యంతరం తెలపవచ్చు. అంకెలు సరిపోతే, రెండో వడ్డీనీ దాని టీడీఎస్‌నూ కలిపి సవరించిన రిటర్ను దాఖలు చేయండి. 2024-25కు దీని గడువు 2025 డిసెంబరు 31. ఆ తేదీ దాటితే మిగిలేది అప్‌డేటెడ్ రిటర్ను దారి, దానిలో రీఫండ్ కోరే వీలుండదు, పన్ను కట్టవలసి వస్తే దానిపై అదనపు భారమూ పడుతుంది.

మీ బంధువు సలహాను మాత్రం దయచేసి పాటించకండి. నోటు మీద వచ్చే వడ్డీకి కూడా పన్ను ఉంటుంది. 20,000 రూపాయలు, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకోవడం చట్టవిరుద్ధం, తీసుకున్నవారికి అంత మొత్తం జరిమానా పడవచ్చు. ఆ నగదు ఎక్కడికి పోయిందన్న ప్రశ్న మీకూ రావచ్చు. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది అసలు. ఏడాదికి 24 శాతం వడ్డీ ఇస్తానని అప్పు తీసుకునే మనిషికి బ్యాంకు ఎందుకు అప్పు ఇవ్వలేదో ఆలోచించండి. జీవితకాలం పిల్లలకు చదువు చెప్పి కూడబెట్టిన 40 లక్షలు ఒక కాగితం ముక్కను నమ్మి ఇచ్చే సొమ్ము కాదు.

2025-26 ఆర్థిక సంవత్సరంలో మీకు ఊరట ఉంది. అప్పటి నుంచి కొత్త విధానంలో 12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు వల్ల పన్ను సున్నా, కాబట్టి ఇవే అంకెలు కొనసాగితే మీరు కట్టవలసిన పన్ను ఉండదు. సీనియర్ సిటిజన్లకు టీడీఎస్ పరిమితిని ఒక్కో బ్యాంకుకు లక్ష రూపాయలకు పెంచారు, అయినా మీ వడ్డీ దాన్ని దాటుతోంది. అందుకని 2025-26కు రెండు బ్యాంకులకూ, మీకు పన్ను పడదని తెలిపే 15హెచ్ ఫారం ఇవ్వండి, టీడీఎస్ ఆగుతుంది. ఫారం ఇచ్చినంత మాత్రాన రిటర్ను మానరాదు, మీ ఆదాయం 4 లక్షల కనీస పరిమితిని దాటింది కనుక దాఖలు చేయవలసిందే. 2025 ఆదాయపు పన్ను చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1, దానితో సెక్షన్ల సంఖ్యలు మారతాయి, ఫారాల సంఖ్యలు కూడా మారవచ్చు కాబట్టి అప్పుడు బ్యాంకులో అడిగి తీసుకోండి.

మీరు అడగకపోయినా ఒక మాట. బ్యాంకు మూతపడితే డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక ఖాతాదారుకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే. మీ డిపాజిట్లలో ఏదైనా చిన్న సహకార బ్యాంకులో ఉంటే, గడువు తీరగానే ఆ సొమ్మును పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీముకు మార్చడం మంచిది. అందులో 30 లక్షల వరకు పెట్టవచ్చు, 2025లో వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకోసారి చేతికి వస్తుంది. చేతికి రాని వడ్డీకి లెక్క చెప్పుకునే ఇబ్బంది దానిలో లేదు.

సవరించిన రిటర్నును దాఖలు చేసిన రోజే ఆధార్ ఓటీపీతో ధ్రువీకరించండి. 30 రోజుల్లోగా ధ్రువీకరణ పూర్తయితేనే దాఖలు చేసిన తేదీ చెల్లుతుంది.